అన్నీ గుర్తుపెట్టుకునే మనసుకు సెలవెక్కడ? – ఒక కేస్ స్టడీ

ఈ కేస్ రాసే ముందు క్లయింట్ అనుమతి తీసుకున్నాను. మనిషిని పోల్చుకునే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, కొన్ని వదిలేశాను. చికిత్సలో ఏ మలుపు దగ్గర ఏం ఆలోచించానో అది మాత్రం ఉన్నదున్నట్టే రాశాను. నేను మొదట తీసుకున్న రెండు నిర్ణయాలూ దెబ్బతిన్నాయి కాబట్టే ఇది రాయాలనిపించింది. బాధ్యతలతో సతమతమయ్యేవాళ్లకి "ఈ క్షణంలో ఉండండి" అని సలహా ఇవ్వడం మా కౌన్సెలింగ్ వృత్తిలో చాలా తేలికైపోయింది. నేనూ ఎంతోమందికి చెప్పాను. ఆ మాట ఒక మనిషి మీద ఎలా పనిచేయలేదో చూశాక చెప్పే పద్ధతి మార్చుకోవాల్సి వచ్చింది.

నేపథ్యం

ఆవిడకి నలభై ఐదు దాటాయి. ఒక ఆఫీసులో లెక్కల విభాగం చూస్తారు, కింద కొంతమంది పనిచేస్తారు. ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయికి ఆ ఏడాది బోర్డు పరీక్షలు. అబ్బాయికి పదకొండేళ్లు. రెండేళ్ల కింద ఆవిడ తల్లికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు సరిగా ఆడవు, మాట తడబడుతుంది. పగలు చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకున్నారు. సాయంత్రం నుంచి పొద్దున దాకా ఈవిడే.

భర్త గురించి చెప్పకపోతే కేస్ అర్థం కాదు. పని తప్పించుకునే మనిషి కాదు, కోపిష్టి కూడా కాదు. "చెప్తే చేస్తాను కదా" అనేవాడు, చెప్తే చేసేవాడు కూడా. ఆ 'చెప్తే' అన్న మాటలో ఎంత బరువుందో నాకు తెలియడానికి ఆరు వారాలు పట్టింది.

ఏ సమస్యతో వచ్చారు

మొదటి రోజు ఆవిడ అన్న మాట: "మేడమ్, ఏ పని చేస్తున్నా ఆ పనిలో ఉండను. ఆఫీసులో ఉంటే ఇల్లు, ఇంట్లో ఉంటే ఆఫీసు. స్నానం చేసి బయటికొచ్చాక సబ్బు రాసుకున్నానో లేదో కూడా గుర్తుండదు."

ఇలా రెండేళ్లుగా నడుస్తోంది. మరి ఇప్పుడే ఎందుకొచ్చారని అడిగాను. కొంచెంసేపు నీళ్లు నమిలి, తర్వాత చెప్పారు. ఒకరోజు అబ్బాయి స్కూల్లో జరిగిందేదో ఐదు నిమిషాలు చెప్పాడు. ఈవిడ ఊ కొడుతూనే ఉన్నారు. అంతా అయ్యాక వాడు, "అమ్మా, ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు చూద్దాం" అన్నాడు. ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయారు. వాడు అలగలేదు, ఏడవలేదు. "పర్లేదులే" అని లేచి వెళ్లిపోయాడట. ఆ 'పర్లేదులే' తనని నిద్రపోనివ్వడం లేదన్నారు.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. మనసు ఎటో వెళ్లడం దానంతట అది జబ్బు కాదు. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే మనస్తత్వ పరిశోధకులు 2,250 మందిని ఫోన్ ద్వారా రోజులో అప్పుడప్పుడూ పలకరించి, ఆ నిమిషంలో దేని గురించి ఆలోచిస్తున్నారని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు వాళ్ల ఆలోచన చేస్తున్న పని మీద లేదు. కాబట్టి మనసు పోతుందా లేదా అన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. ఎక్కడికి పోతోంది, ఎందుకు తిరిగి రావడం లేదు అన్నవే అసలు ప్రశ్నలు.

ఆందోళనను కొలిచే జీఏడీ-7లో ఏడు ప్రశ్నలుంటాయి, 0 నుంచి 21 దాకా స్కోరు. ఆవిడకి 16 వచ్చింది. 15 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమైన ఆందోళన కిందే లెక్క. కుంగుబాటుకి వాడే పీహెచ్‌క్యూ-9లో 27కి 9 వచ్చింది. చనిపోవాలన్న ఆలోచన లేదు. దాని గురించి విడిగా, సూటిగా అడిగాను. పదకొండింటికి పడుకుంటే పన్నెండున్నర దాకా నిద్ర పట్టేది కాదు, నాలుగింటికల్లా మెలకువ. రోజుకి ఐదు కప్పుల కాఫీ, అందులో చివరిది సాయంత్రం ఆరుకి.

మాటలతో వైద్యం మొదలుపెట్టేముందు ఫిజీషియన్ దగ్గరికి పంపాను. ఈ వయసులో గుండెదడ, నిద్రలేమి, చిరాకు కలిసి కనిపిస్తే థైరాయిడ్, రక్తహీనత చూడకుండా 'టెన్షన్' అని ముద్ర వేయకూడదు. థైరాయిడ్ మామూలుగానే ఉంది. హిమోగ్లోబిన్ కొంచెం తక్కువగా ఉంటే దానికి ఆయన మందు రాశారు. కాఫీలో కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదు గంటలు దాకా పడుతుంది కాబట్టి మధ్యాహ్నం రెండు తర్వాత వద్దన్నాను. నిద్ర కొంచెం మెరుగుపడింది, మిగతాది అలాగే ఉంది.

సైకియాట్రిస్ట్ దగ్గర మందులు తీసుకునే దారి గురించి కూడా మాట్లాడాం. రాత్రి అమ్మ పిలిస్తే వినపడకపోతే ఎలా అన్నది ఆవిడ భయం. మత్తు ఇవ్వని మందులూ ఉన్నాయని చెప్పాను. అయినా పని చేసుకోగలుగుతున్నారు, ప్రాణాపాయం లేదు కనుక ఆవిడ ఇష్టానికే వదిలేసి, నాలుగు వారాల్లో స్కోరు తగ్గకపోతే మళ్లీ చర్చిద్దామని ఒప్పందం చేసుకున్నాం.

మొదట చేసింది: కళ్లు మూసుకుని కూర్చోవడం

అప్పటికి నా అంచనా ఇది: ఆలోచనలు అదుపు తప్పాయి, ధ్యాసని ఒకచోట నిలిపే అలవాటు పోయింది, ఆ అలవాటుని తిరిగి నేర్పాలి. 1979లో జాన్ కబాట్-జిన్ మసాచుసెట్స్ మెడికల్ స్కూల్‌లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల ధ్యాన పద్ధతి నాకు బాగా అలవాటు. అందులో ఇంటి దగ్గర రోజూ ముప్పావుగంట సాధన ఉంటుంది. ఈవిడ దగ్గర ముప్పావుగంట ఎక్కడిది? అందుకని రాత్రి పడుకునేముందు పదిహేను నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమన్నాను.

మూడు రోజులు బాగానే ఉందన్నారు. నాలుగో రోజు గుండె దడదడలాడి లేచి కూర్చున్నారు. రెండో వారం వచ్చి, "కళ్లు మూసుకోగానే మర్చిపోయినవన్నీ వరసగా గుర్తొస్తున్నాయి. లేచి రాసుకుందామంటే మీరు కదలొద్దన్నారు. కదలకుండా కూర్చుంటే అవి మళ్లీ మర్చిపోతానేమోనని భయం" అన్నారు. అదీ కాక, ధ్యానం చేయని రోజు "ఇది కూడా చేయలేకపోయాను" అని ఇంకో బెంగ. ఉన్న పనులకి నేనొక పని చేర్చానన్నమాట. నాలుగో వారానికి జీఏడీ-7 స్కోరు 18కి పెరిగింది.

విశ్రాంతి తీసుకోబోతే ఆందోళన పెరగడం కొత్త సంగతేం కాదు. ఎప్పుడూ ఉద్రిక్తంగా ఉండేవాళ్లలో కొందరికి విశ్రాంతి సాధనల సమయంలోనే టెన్షన్ పెరుగుతుందని 1983లోనే హైడీ, బోర్కోవెక్ చూపించారు. నాకు తెలిసిన విషయమే, అయినా ఈ కేస్‌లో ముందే అనుమానించలేదు. ఎందుకంటే ఆవిడ అడిగింది 'ప్రశాంతత'. ఆ మాట వినగానే నా చెయ్యి అలవాటుగా ధ్యానం వైపు వెళ్లింది.

స్కోరు పెరిగింది కాబట్టి ఒప్పందం ప్రకారం మందుల మాట మళ్లీ ఎత్తాను. ఇంకో నెల చూస్తానన్నారు. పెరగడానికి కారణం నేనిచ్చిన సాధనే అయ్యుండవచ్చని ఒప్పుకుని, దాన్ని ఆపేయించి, సరే అన్నాను. ఆపిన వారంలో దడ తగ్గింది. దాంతో ఆ అనుమానానికి బలం వచ్చింది.

రెండోది: ఒక రోజు సెలవు

ఇప్పుడు నా ఆలోచన ఇంకోవైపు తిరిగింది. మనసుది కాదు, మోతది సమస్య, బరువు కొంచెంసేపు దించితే చాలనుకున్నాను. ఒక ఆదివారం ఇల్లు మొత్తం భర్తకి అప్పగించి పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆవిడ బయట గడపాలి. ఏ పనీ పెట్టుకోకూడదు.

వెళ్లారు. చెట్ల కింద బెంచీ మీద కూర్చున్నారు. ఫోన్ పదకొండుసార్లు మోగింది. మధ్యాహ్నం మాత్ర ఏది? పెద్దమ్మాయి హాల్ టికెట్ కాగితం ఎక్కడుంది? ఫిజియోథెరపీ ఇవాళ ఉందా, రేపా? అడిగినవన్నీ న్యాయమైన ప్రశ్నలే. రెండింటికి ఇంటికి తిరిగొచ్చేశారు. "అక్కడ కూర్చుని ఫోన్‌లో ఇల్లు నడపడం కంటే ఇంట్లో ఉండి నడపడమే సులువు" అన్నారు.

ఆ పదకొండు ఫోన్లే నాకు కళ్లు తెరిపించాయి. ఆ రోజు భర్త పనులన్నీ చేశాడు. ఈవిడ ఒక్క పనీ చేయలేదు. అయినా విశ్రాంతి దొరకలేదు. చేతుల్లో ఉన్న పని దిగింది గానీ తలలో ఉన్న పని దిగలేదు. ఏది ఎప్పుడు చేయాలో, ఏది ఎక్కడుందో, ఏది మర్చిపోతే ఏమవుతుందో అదంతా ఆ ఇంట్లో ఒక్క తలలోనే ఉంది.

అప్పుడు మొదటి అంచనా కొట్టేసి కొత్తది రాసుకున్నాను: ఈవిడ మనసు అదుపు తప్పలేదు, డ్యూటీలో ఉంది. అది ఇంటికి లెక్కల పుస్తకం, అలారం, కాపలా అన్నీ తానే అయ్యి పనిచేస్తోంది. దాన్ని ఊపిరి మీదికి రమ్మంటే ఎందుకొస్తుంది? గేటు దగ్గర కాపలా ఉన్నవాడిని కళ్లు మూసుకోమంటే మూసుకుంటాడా? ముందు ఇంకో కాపలా పెట్టాలి.

అరవై మూడు వరసలు

తర్వాతి సెషన్‌లో కళ్లు మూయించలేదు. తెల్లకాగితాలు ఇచ్చి, తలలో ఏమేం ఉన్నాయో అన్నీ రాయమన్నాను. వరస అక్కర్లేదు, పెద్దవీ చిన్నవీ అన్న తేడా వద్దు. నలభై నిమిషాలు రాశారు. అరవై మూడు వచ్చాయి. 'గ్యాస్ బుక్ చేయాలి' పక్కనే 'అమ్మకి మళ్లీ స్ట్రోక్ వస్తే?' ఉంది. ఆవిడే ఆశ్చర్యపోయి, "ఇన్నా?" అన్నారు.

కలిసి కూర్చుని విడదీశాం. ఇరవై నాలుగు రోజూ, ప్రతి వారం, ప్రతి నెలా తిరిగొచ్చే పనులు. పంతొమ్మిది ఒక్కసారి చేసేస్తే అయిపోయేవి, కానీ ఎప్పుడు చేయాలో ఎక్కడా రాసి లేవు. పదకొండు నిజానికి వేరేవాళ్లవి, ఆవిడ తన తల మీద వేసుకున్నవి. మిగతా తొమ్మిదికి చేయగలిగిన పనంటూ ఏమీ లేదు, అన్నీ భయాలే. ఆ తొమ్మిదిని పక్కన పెట్టి ముందు యాభై నాలుగు సంగతి చూద్దామనుకున్నాం.

పూర్తికాని పని మనసుని పట్టుకుని వదలదని బ్లూమా జైగార్నిక్ 1927లోనే రాశారు. ఆ పాత ఫలితాన్ని తర్వాతి పరిశోధనలు ప్రతిసారీ నిలబెట్టలేదు, కాబట్టి దాని మీదే ఇల్లు కట్టను. నాకు ఎక్కువ పనికొచ్చింది 2011లో మసికాంపో, బామైస్టర్ చేసిన పని. పూర్తికాని పనిని పూర్తి చేయకపోయినా, ఎప్పుడు ఎలా చేస్తామో గట్టిగా అనుకుంటే చాలు, అది మధ్యలో దూరి ఇబ్బంది పెట్టడం తగ్గుతుందని వాళ్లు చూపించారు. అంటే మనసు అడిగేది పని పూర్తి చేయమని కాదు. మర్చిపోరని ఒక హామీ ఇవ్వమంటుంది.

అందుకని ఒక నోటుపుస్తకం. ప్రతి వరసలో రెండు విషయాలు తప్పనిసరి: ఎప్పుడు, మొదట ఏం చేయాలి. 'అమ్మ ఇన్సూరెన్స్' అని రాస్తే చెల్లదు. 'మంగళవారం లంచ్‌లో ఫోన్ చేసి ఏ కాగితాలు కావాలో అడగాలి' అని రాయాలి. రాత్రి పడుకునేముందు ఐదు నిమిషాలు రేపటివి రాయాలి. ఈ ఐదు నిమిషాలకీ ఆధారం ఉంది. 2018లో స్కల్లిన్ బృందం 57 మంది యువతీయువకులని ల్యాబ్‌లో పడుకోబెట్టి చూస్తే, చేయాల్సిన పనులు రాసి పడుకున్నవాళ్లు, చేసేసిన పనులు రాసినవాళ్లకంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందే నిద్రపోయారు. ఈవిడ యువతీ కాదు, ఆవిడ ఇల్లు ల్యాబూ కాదు. అయినా ఖర్చు లేని ప్రయత్నం, చేసి చూద్దామన్నాను.

మొదటి వారం పాడైంది. పుస్తకం ఎందుకని ఫోన్‌లో రాసుకున్నారు. రాద్దామని ఫోన్ తెరిస్తే ఆఫీసు గ్రూపులో మెసేజ్ కనిపించేది, ఇంకో అరగంట పోయేది. కాగితమే కావాలని పట్టుబట్టాను. రెండో వారం ఇంకో చిక్కు: రాత్రి రెండింటికి లేచి పుస్తకం తిరగేయడం. సరిచూసుకోవడం అలవాటైతే పుస్తకం కూడా ఇంకో బెంగ అవుతుంది. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, అంతే. మధ్యలో ఏదైనా గుర్తొస్తే చివరి పేజీలో ఒక్క ముక్క రాసి మూసేయాలి. మూడో వారానికి నిద్ర పట్టే సమయం గంటన్నర నుంచి నలభై నిమిషాలకి వచ్చింది.

'చెప్తే చేస్తాను' అన్న మాట

పుస్తకం వల్ల తల బరువు కొంత తగ్గింది గానీ, కాపలావాడు ఒక్కడే అన్న సంగతి మారలేదు. ఏడో సెషన్‌కి భర్తని కూడా రమ్మన్నాను. ఆయన మొదట కొంచెం ముడుచుకుని కూర్చున్నారు, తప్పు పట్టడానికి పిలిచాననుకున్నారేమో. అరవై మూడు వరసల కాగితం ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చదివి, "ఇవన్నీ నాకు తెలుసు" అన్నారు. కాసేపాగి, "అంటే... నువ్వు చెప్పాక తెలుసు" అని భార్య వైపు చూశారు. నేను అరగంట మాట్లాడినా ఆ వాక్యం చేసినంత పని చేసి ఉండేదాన్ని కాదు.

పని పంచుకోవడం కాదు, గుర్తుపెట్టుకోవడాన్ని పంచుకోవాలని అడిగాను. ఒక విషయం తీసుకుంటే మొదటినుంచి చివరిదాకా ఆయనదే. గుర్తు చేయడం ఉండదు, మధ్యలో అడగడం ఉండదు. ఏది ఇవ్వాలన్న దగ్గర చిన్న వాదన జరిగింది. అత్తగారి మందులు తీసుకుంటానన్నారు ఆయన. ఆవిడ ముఖం పాలిపోయింది. నేను ఆవిడ పక్షమే తీసుకున్నాను. రక్తం పల్చబరిచే మందు ఒక్క పూట తప్పినా ప్రమాదం కావచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పు చేస్తారు కాబట్టి, తప్పు జరిగినా ఎవరికీ హాని లేని పనులతో మొదలుపెట్టాలి. బిల్లులు, పిల్లల స్కూలు ఫీజులు, రాకపోకలు ఆయనకి వెళ్లాయి.

రెండో వారంలోనే ఒక బిల్లు గడువు దాటింది. గడువు సంగతి ఆవిడకి ముందురోజే గుర్తొచ్చింది, కానీ నోరు విప్పలేదు. ఆ రాత్రి ఒళ్లంతా చెమటలు పట్టాయన్నారు. మర్నాడు జరిమానాతో సహా ఆయనే కట్టారు, తర్వాతి నెలలకి తనే ఏదో ఏర్పాటు చేసుకున్నారు. ఆకాశం విరిగి మీద పడలేదు. చికిత్స మొత్తంలో ఎక్కువ పనిచేసిన రోజు ఏదంటే నేను ఆ రోజే అంటాను. 'నేను గుర్తుపెట్టుకోకపోతే అంతా కూలిపోతుంది' అన్న నమ్మకాన్ని మాటలతో ఎన్నిసార్లు ప్రశ్నించినా కదల్లేదు. ఒక బిల్లు ఆలస్యమయ్యాక కదిలింది. ఆ రోజు ఆవిడ గుర్తు చేసేసి ఉంటే మళ్లీ మొదటికి వచ్చేవాళ్లం. రెండు నెలల తర్వాత ఫిజియోథెరపీ కూడా ఆయనకి వెళ్లింది. మందులు మాత్రం చివరిదాకా ఆవిడ దగ్గరే ఉన్నాయి. వాటి జోలికి నేను వెళ్లలేదు.

గడపల దగ్గర ఇరవై సెకన్లు

ఇప్పుడు మళ్లీ 'ఈ క్షణం' వైపు వచ్చాం, ఈసారి వేరే దారిలో. కూర్చోవడం లేదు, కళ్లు మూసుకోవడం లేదు, ప్రత్యేకంగా టైం కేటాయించడం లేదు. రోజులో ఎలాగూ దాటే నాలుగు గడపలు ఎంచుకున్నాం: ఆఫీసు సీట్లోంచి లేచేటప్పుడు, ఇంటి తలుపు తీసేటప్పుడు, అమ్మ గదిలోకి వెళ్లేముందు చేతులు కడుక్కునేటప్పుడు, అబ్బాయి ఏదైనా చెప్పడం మొదలుపెట్టినప్పుడు.

గడపలే ఎందుకు? ఒక పనిలోంచి ఇంకో పనిలోకి వెళ్లినా ధ్యాసలో కొంత ముక్క పాత పనికే అంటుకుని ఉంటుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. మనసు జారిపోయేది ఎక్కువగా ఆ మారే చోటే. పైగా 'ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను' అని ముందే ముడిపెట్టుకుంటే, 'ఇకనుంచి శ్రద్ధగా ఉంటాను' అనుకోవడంకంటే బాగా పనిచేస్తుంది. గోల్‌విట్జర్ 1990లలో చేసిన పరిశోధనలు చెప్పేది అదే.

ఆఫీసులో లేచేముందు, రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క వరస రాయాలి. తలుపు దగ్గర గొళ్లెం చల్లదనం చేతికి తెలిసేదాకా ఆగాలి. చేతులు కడుక్కునేటప్పుడు నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా గమనించాలి. అబ్బాయి మాట్లాడితే మొదటి రెండు వాక్యాలు మాత్రం వాడి ముఖం చూస్తూ వినాలి. అంతే. తర్వాత మనసు ఎటు పోయినా తప్పు లేదు. "రెండు వాక్యాలేనా?" అన్నారు. రెండే. మొత్తం వినండి అంటే అది మళ్లీ పరీక్ష అవుతుంది, తప్పితే ఇంకో అపరాధ భావం. ధ్యానం దగ్గర ఆ పాఠం నేర్చుకున్నాను.

పదో వారానికి స్కోరు 12. మందుల ప్రస్తావన ఇద్దరమూ మళ్లీ తీసుకురాలేదు.

"ఇదేనా మీ ప్రశాంతత?"

అంతా బాగుందనుకుంటున్నప్పుడు పదకొండో సెషన్‌కి ఆవిడ కోపంగా వచ్చారు. ముందురోజు అమ్మ గోళ్లు తీస్తూ, నేను చెప్పినట్టే చేతి మీద ధ్యాస పెట్టారట. ఆ కుడి చెయ్యి ఎంత తేలికైపోయిందో, తన చేతిలో ఎంత పట్టు లేకుండా పడి ఉందో మొదటిసారి తెలిసింది. రెండేళ్లుగా వారం వారం గోళ్లు తీస్తూనే ఉన్నారు, ఏనాడూ తెలియలేదు. అమ్మ ఏదో చెప్పబోయి మాట రాక ఊరుకుంది. ఈవిడ బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చారు. "ఇదేనా మేడమ్ మీ ప్రశాంతత? దీనికంటే నా లెక్కలే నయం" అన్నారు.

ఆ క్షణంలో నాకు కలిగిన ఆలోచన చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. అమ్మ గది గడపని లిస్టులోంచి తీసేసి, బాధ లేని ఇంకో చోటు చూద్దామనుకున్నాను. అలా చేసి ఉంటే ఆవిడ తనకు తాను రెండేళ్లుగా చేసుకుంటున్నదే నేనూ చేసినట్టయ్యేది. ఎప్పుడూ రాబోయేదాని గురించే ఆలోచించడం వల్ల ఆవిడకి ఒక లాభం ఉంది: ఇప్పుడు ఉన్నది చూడనక్కర్లేదు. మళ్లీ స్ట్రోక్ వస్తే ఏ హాస్పిటల్, ఎంత డబ్బు, సెలవు ఎలా అని లెక్కలు వేస్తున్నంతసేపూ, వచ్చిన స్ట్రోక్ ఏం తీసుకుపోయిందో చూడకుండా గడిచిపోతుంది.

పక్కన పెట్టిన తొమ్మిది భయాలు అప్పుడు మళ్లీ బయటికి తీశాం. నిజానికి మధ్యలో వాటికోసం బోర్కోవెక్ చెప్పిన పద్ధతి పెట్టాను: బెంగపడడానికి రోజూ ఒకే చోట, ఒకే టైముకి కొంతసేపు కేటాయించి, మిగతా వేళల్లో వచ్చినవాటిని ఆ టైముకి వాయిదా వేయడం. ఆయన అరగంట అన్నారు, నేను పదిహేను నిమిషాలు ఇచ్చాను. పిల్లల చదువు, ఉద్యోగం గురించినవి ఐదు దానికి లొంగాయి. అమ్మ గురించినవి నాలుగు లొంగలేదు. ఎందుకు లొంగలేదో ఆ రోజు తెలిసింది. అవి బెంగలు కావు, దుఃఖం. అమ్మ ఎదురుగానే ఉంది, కానీ ఆవిడకి తెలిసిన అమ్మ చాలావరకు లేదు. ఇలాంటి స్థితికి ఫ్యామిలీ థెరపిస్ట్ పాలీన్ బాస్ 'అస్పష్టమైన నష్టం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. చావు అయితే ఏడవడానికి రోజులుంటాయి, పలకరించే మనుషులుంటారు. దీనికి అవేవీ ఉండవు.

తర్వాతి మూడు సెషన్లలో ఏ టెక్నిక్కూ లేదు. అమ్మ ఇంతకుముందు ఎలా మాట్లాడేది, ఎలా నవ్వేది, దేనికి తిట్టేది, అవే చెప్పారు. నేను విన్నాను. గోళ్లు తీసే పని ఆపలేదు. ఒకసారి ఏడుస్తూనే తీశారట, అమ్మ ఎడమచేత్తో ఈవిడ చెంప తుడిచిందట. "లోపలికి పోయి ఏడ్చినప్పటికంటే త్వరగా తగ్గింది" అన్నారు. ఇంకేమీ అనలేదు, నేనూ పొడిగించలేదు.

ఎక్కడ ఆగాం

మొత్తం పద్నాలుగు సెషన్లు, ఐదు నెలలు. చివరికి జీఏడీ-7 స్కోరు 7. నిద్ర పట్టడానికి అరగంట లోపే. బాధ్యతల్లో ఒక్కటీ మాయం కాలేదు. ఆఫీసు అదే, అమ్మ ఆరోగ్యం అంతే. 'ప్రశాంతత దొరికిందా' అని అడిగితే తలూపలేదు. "అదేమో తెలీదు. మావాడు మొన్న చెప్పిన బస్సు కథ మాత్రం మొత్తం చెప్పగలను" అని, నిజంగానే మొత్తం చెప్పారు. ఆ సెషన్ పది నిమిషాలు ఎక్కువైంది.

ఆరు నెలల తర్వాత ఫోన్ చేస్తే స్కోరు 8. ఆ తర్వాత తల్లి మళ్లీ హాస్పిటల్లో చేరినప్పుడు 13కి పెరిగింది. గడపలు అన్నీ మానేశారు, పుస్తకం మాత్రం తనే తిరిగి మొదలుపెట్టారు. సెషన్‌కి రమ్మంటారా అని అడిగితే, "ఇప్పుడు ఖాళీ లేదు మేడమ్, కుదిరాక వస్తాను" అన్నారు. రాలేదు. తర్వాత మెసేజ్ పెట్టారు, తల్లి ఇంటికి వచ్చిందని, ఆ రాత్రులు హాస్పిటల్లో భార్యాభర్తలిద్దరూ వంతులవారీగా ఉన్నారని.

నేను మార్చుకున్నవి

ప్రశాంతత కావాలని ఎవరొచ్చినా ఇప్పుడు మొదటి గంటలో కళ్లు మూయించను, కాగితం ఇస్తాను. వరసలు ఇరవై లోపు వస్తే ధ్యానం గురించి ఆలోచిస్తాను. యాభై దాటితే, ఇంట్లో అవి ఇంకెవరికి తెలుసు అని అడుగుతాను. ఆ ప్రశ్నకి జవాబుగా వచ్చే నిశ్శబ్దంలోనే చాలా కేసుల్లో సగం కథ ఉంటోంది.

సెలవు తీసుకోమని చెప్పేముందు, ఆ రోజు ఫోన్ ఎన్నిసార్లు మోగుతుందని కూడా అడుగుతాను.

ధ్యానాన్ని తప్పుపట్టడం లేదు. ఈవిడకే పద్నాలుగో వారంలో మొదలుపెట్టి ఉంటే బహుశా పట్టేది. ఏ పని ముందు, ఏది తర్వాత అన్న దగ్గర నేను తప్పాను.

ఇంకొక హెచ్చరిక ఉంది, తోటి కౌన్సెలర్లకి. ఈ కేస్ తర్వాత ఉత్సాహంగా ఇదే పద్ధతి ఇంకొకరికి ఇచ్చాను. ఆయనకి అప్పటికే ప్రతిదీ పదిసార్లు సరిచూసుకునే అలవాటుంది, దాన్ని నేను సరిగా అడిగి తెలుసుకోలేదు. వారం తిరిగేసరికి మూడు పుస్తకాలయ్యాయి: ఒకటి పనులకి, ఒకటి ఆ పనులు రాశానో లేదో చూసుకోవడానికి, మూడోది దేనికో ఆయనే చెప్పలేకపోయారు. మూడో వారంలో పుస్తకాలన్నీ నా టేబుల్ సొరుగులో పెట్టించి, ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని ఆపుకోలేక మళ్లీ మళ్లీ వచ్చే మానసిక సమస్య) కోణంలో అంచనా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఆ కేస్ ఇంకా నడుస్తోంది.